హవానాలో పాత కారు – అవతలి ఒడ్డు నుండి సామాను



దుక్కి రోజుల్లో ట్రాక్టరు ఆగిపోతే ఏమి చేస్తారో మీకు వేరే చెప్పనక్కరలేదు. మెకానిక్కు వచ్చి విప్పి చూచి, కావలసిన సామాను చీటీ మీద వ్రాసి ఇస్తాడు. ఆ చీటీ పట్టుకొని ఇంట్లో ఒకరు బస్సెక్కి విజయవాడ ఆటోనగర్‌కో, గుంటూరుకో, వరంగల్లుకో వెళ్ళి దీపాలవేళకు తిరిగి వస్తారు. ఒక పూట పని పోతుంది, అంతే. అయితే ఆ సామాను అమ్మే కొట్టు సముద్రం అవతల ఉండి, ఆ దేశం మన దేశానికి సామాను అమ్మడం మాని 60 ఏళ్ళు దాటిపోతే ఏమి చేయాలి? క్యూబా దేశంలో పాత కార్ల మీద బ్రతికే వేలాది కుటుంబాలకు ఇది ప్రతి నెలా ఎదురయ్యే ప్రశ్న.

2024 ఏప్రిల్ నెలలో మేము నలుగురము ఒక సంఘం వారి ఆహ్వానంపై ఆ దేశం వెళ్ళి 9 రోజులు ఉన్నాము. మొదటి 2 రోజులు రాజధాని హవానాలోను, తరువాత 4 రోజులు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మాతంసాస్ పట్టణంలోను, మిగిలిన రోజులు మరల హవానాలోను గడిపాము. మాకు తోడుగా మాతంసాస్ నుండి ఇంగ్లీషు తెలిసిన ఒక యువకుడు వచ్చాడు. అక్కడివారు మాట్లాడే స్పానిష్ భాష మాకు రాదు గనుక, ఈ వ్యాసంలోని మాటలన్నీ అతని నోటి ద్వారా మేము విన్నవే.

వీధిలో కనబడినది

హవానా వీధిలో అడుగు పెట్టిన కొత్తవారికి ముందుగా కంటబడేవి కార్లే. షెవ్రొలే, ఫోర్డు, ప్లిమత్, డాడ్జి, బ్యూక్, పాంటియాక్ – అన్నీ 1940, 1950 దశకాల అమెరికా కార్లు. మన సినిమాలలో పూర్వం జమీందారులు దిగే కార్ల వంటివి. వెడల్పైన ముందు భాగం, మెరిసే ఇనుప పళ్ళు, వెనుక రెక్కలవలె లేచిన అంచులు. 1929లో ప్రారంభమైన కపితోలియో అనే గొప్ప భవనం దగ్గర, సెంట్రల్ పార్కు ఎదుట, పైకప్పు లేని గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు కార్లు వరుసగా నిలబడి ఉంటాయి. అవి విదేశీ యాత్రికుల కొరకు. గంటకు ఇంత అని బేరమాడి ఎక్కించుకుంటారు.

అయితే ఊరివారు ఎక్కే కార్లు వేరు. వాటికి రంగు వెలసిపోయి ఉంటుంది, తలుపుకు లోపలి పిడి ఉండదు, సీట్ల మీద రెగ్జిన్ కుట్లు కనబడతాయి. అక్కడివారు వీటిని ‘అల్మెంద్రోన్’ అంటారు. పెద్ద బాదం గింజ అని దాని అర్థం. ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. మన ఊళ్ళలో సర్వీసు ఆటోలు తిరిగినట్లే ఇవి ఒక దారి వెంట తిరుగుతూ, చేయి ఎత్తిన చోట ఆగి, కిక్కిరిసేటట్లు మనుష్యులను ఎక్కించుకొని పోతాయి. పనికి వెళ్ళే నర్సు, బడికి వెళ్ళే పంతులు, ఆసుపత్రికి వెళ్ళే ముసలమ్మ – అందరూ వీటిమీదనే ఆధారపడియున్నారు.

నగరానికి ఉత్తరాన సముద్రపు ఒడ్డు వెంట మలెకోన్ అనే రాతి గోడ, దాని ప్రక్కన రహదారి సుమారు 8 కిలోమీటర్లు సాగుతాయి. గాలి వీచే రోజున అలలు గోడ దాటి రోడ్డు మీద పడతాయి. ఆ ఉప్పు నీరు ఇనుమును ఎట్లా తింటుందో మన కోస్తా జిల్లాల వారికి తెలియనిది కాదు. అటువంటి గాలిలో ఒక కారు 70 ఏళ్ళు నిలవడమే ఆశ్చర్యము.

ఎందుకు ఇట్లా జరిగింది?

క్యూబాకు అమెరికా దక్షిణపు కొన చాలా దగ్గర. మధ్యనున్న సముద్రం సుమారు 150 కిలోమీటర్లు మాత్రమే. అందుచేత 20వ శతాబ్దపు మొదటి సగంలో అమెరికా కార్లు ఓడల మీద ధారాళంగా దిగాయి. 1959 జనవరి 1న అక్కడ విప్లవం విజయం పొంది, కొద్ది కాలానికే ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వాధినేత అయ్యాడు. అమెరికావారి ఆస్తులు జాతీయం చేయబడ్డాయి. 1960 అక్టోబరులో అమెరికా ఆహారం, మందులు తప్ప మిగిలిన ఎగుమతులను ఆపివేసింది. 1962 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కెనెడీ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాడు. 2000 తరువాత ఆహార పదార్థాలకు కొంత సడలింపు వచ్చినా మూల నిషేధం తొలగలేదు. ఆ విధంగా కొత్త కార్లతోపాటు ఉన్న కార్లకు కావలసిన సామాను కూడా ఆగిపోయింది.

తరువాత సోవియట్ దేశం నుండి లాడా, మాస్క్‌విచ్, వోల్గా కార్లు వచ్చాయి. అవి అధికారులకు, వైద్యులకు, మంచి పనివారని పేరు పొందినవారికి ప్రభుత్వం కేటాయించినవి. సొంతదారు వాటిని ఇష్టం వచ్చినట్లు అమ్ముకోవడానికి వీలు లేదు. 1959కి ముందు వచ్చిన కార్లను మాత్రమే స్వేచ్ఛగా కొనవచ్చును, అమ్మవచ్చును. ఈ నియమం 2011 అక్టోబరు దాకా ఉన్నది. అందువలన తాతగారి షెవ్రొలే మన ఇళ్ళలో ఎకరం పొలం వంటిదైనది. తండ్రి నుండి కొడుక్కి, కొడుకు నుండి మనుమడికి వస్తుంది, కష్టకాలంలో అమ్ముకోవచ్చు. 2014 జనవరిలో ప్రభుత్వం కొత్త కార్లను అందరికీ అమ్మకానికి పెట్టినది గాని, ఒక ప్యూజో 508 కారుకు సుమారు 2 లక్షల 62 వేల డాలర్ల ధర వేసింది. సామాన్యునికి పాత కారే దిక్కు. అటువంటివి దేశంలో సుమారు 60 వేలు ఉన్నవని సాధారణంగా చెప్పే అంచనా.

మన దేశంలోను దిగుమతి ఆంక్షలు ఉన్న రోజులలో అంబాసిడర్ కారు దశాబ్దాల తరబడి ఒకే రూపంలో నడిచింది. 2014లో దాని తయారీ ఆగేవరకు పల్లెల్లో పెండ్లికొడుకు దిగినది ఆ కారులోనే. మన జీపు కూడా మొదట అమెరికా విల్లీస్ బండియే. 1940ల చివర బొంబాయిలో దానిని బిగించడం మొదలైనది. కాని మనవారు ఆ సామాను ఇక్కడనే తయారు చేసుకోవడం నేర్చుకున్నారు. ప్రతి జిల్లా పట్టణంలో అది దొరికింది. క్యూబాలో 10 రకాల కంపెనీల కార్లు మిగిలిపోయాయి గాని, వాటికి సామాను చేసే కార్ఖానా ఒక్కటి కూడా లేదు.

చేతి పని, తల పని

1991 డిసెంబరులో సోవియట్ దేశం విడిపోయిన తరువాత క్యూబాకు చౌకగా వచ్చే నూనె ఆగిపోయింది. ఆ కరువు సంవత్సరాలను వారు ‘ప్రత్యేక కాలం’ అంటారు. చైనా నుండి 10 లక్షలకు పైగా సైకిళ్ళు తెప్పించి జనానికి ఇచ్చారు. కార్లున్నవారు వాటిని నడపడానికి దొరికినదల్లా వాడారు. ఆ రోజుల్లోనే పాత పెట్రోలు ఇంజను దింపి దాని స్థానంలో రష్యా ఇంజనో, ట్రాక్టరు డీజిలు ఇంజనో ఎక్కించడం బాగా పెరిగింది. తరువాత ప్యూజో, టయోటా, హ్యుందాయ్ డీజిలు ఇంజన్లు వచ్చి చేరాయి. లేతు మిషను మీద పిస్టన్లు కోసుకున్నారు. పాత టైరు రబ్బరుతో బుష్షులు చేసుకున్నారు. బ్రేక్ ఆయిల్ దొరకక తలకు రుద్దుకునే షాంపూ నీళ్ళతో సరిపెట్టిన మెకానిక్కుల సంగతి ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

మమ్మల్ని హవానాలో తిప్పిన పెద్దాయన కారు 1953 సంవత్సరపు షెవ్రొలే. ఆయనకు 66 ఏళ్ళు. కారు వాళ్ళ నాన్నగారు కొన్నది. బయట చూస్తే అమెరికా కారే. మూత ఎత్తితే లోపల ప్యూజో డీజిలు ఇంజను ఉన్నది. బ్రేకుల మాస్టర్ సిలిండరు లాడా కారుది. చక్రాల దగ్గరి సిలిండర్లు మాత్రం మొదటి నుండి ఉన్న షెవ్రొలేవి. అమెరికా కొలతలు అంగుళాలలో, రష్యా కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి గనుక ఒకదాని గొట్టం మరొకదాని మరకు ఎక్కదు. వీధి చివరి లేతు పనివాడు ఇత్తడితో ఒక కలుపుడు ముక్క చేసి ఇచ్చాడు. అది 18 ఏళ్ళుగా నిలిచి ఉన్నదని ఆయన గర్వంగా చెప్పాడు.

ఆయన రానన్న రోజు

3వ రోజు ఉదయం ఆయన కారులోనే మాతంసాస్ వెళ్ళాలని మా ఏర్పాటు. తెల్లవారక ముందే ఆయన మా బసకు నడిచి వచ్చాడు. కారు తేలేదు. వెనుక ఎడమ చక్రం లోపలి ప్రక్కన తడి కనబడిందనీ, చక్రపు సిలిండరులో రబ్బరు కప్పు పాడై బ్రేక్ ఆయిల్ కారుతున్నదనీ చెప్పాడు. ఊళ్ళో నెమ్మదిగా తిప్పవచ్చు గదా అని కొందరు అంటారు, నేను ఊళ్ళో కూడా తిప్పను అన్నాడు. ఆ కిరాయి ఆయనకు ఆ నెలలో వచ్చే పెద్ద డబ్బు. 2024 మార్చి 1న సాధారణ పెట్రోలు లీటరు 25 పెసోల నుండి 132 పెసోలకు పెరిగి అన్ని ధరలు తారుమారైన రోజులవి. అయినను ఆయన మమ్మల్ని బస్సు ఎక్కించి వెళ్ళిపోయాడు.

ఒక రబ్బరు కప్పుకు ఇంత భయమెందుకని కొందరు అడగవచ్చు. పెడలు తొక్కినప్పుడు మాస్టర్ సిలిండరు ఆయిల్‌ను నొక్కుతుంది. ఆ ఒత్తిడి సన్నని గొట్టాల ద్వారా 4 చక్రాలకు చేరి, ప్రతి చక్రం దగ్గరి సిలిండరులో చిన్న రబ్బరు కప్పులను త్రోస్తుంది. అవి బ్రేక్ షూలను డ్రమ్ముకు ఆనిస్తాయి. ఈ కాలపు కార్లలో ఈ దారి రెండుగా విడగొట్టి ఉంటుంది. ఒకటి పోయినా రెండవది పనిచేస్తుంది. అమెరికా కార్లన్నిటిలో ఆ ఏర్పాటు 1967 ప్రాంతం నుండి వచ్చినది. 1953 కారుకు దారి ఒక్కటే. ఒక్క చక్రం దగ్గర ఆయిల్ కారిపోతే 4 చక్రాల బ్రేకులూ పోతాయి.

ఆయిల్ బదులు మరొకటి పోస్తే కష్టం ఇంకా ఎక్కువ. ఇంజను ఆయిల్ వంటివి తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. షాంపూ నీళ్ళలో నీరు ఉన్నది గనుక లోపల తుప్పు పడుతుంది. పైగా దిగుడు రోడ్డులో డ్రమ్ము కాగినప్పుడు ఆ నీరు మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుందే గాని షూలను త్రోయదు. పెడలు నేలకు ఆనుతుంది, బండి ఆగదు.

హవానా నుండి మాతంసాస్ వెళ్ళే దారిలో బకునయాగ్వా అనే వంతెన వస్తుంది. 1959లో పూర్తయిన ఈ వంతెన లోయ మీద 110 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ దేశంలో అన్నిటికంటె ఎత్తైనది. బస్సు అక్కడ ఆగితే దిగి చూచాము. క్రింద తాటిచెట్ల వంటి చెట్లు గడ్డి పరకలవలె కనబడ్డాయి, ఆ చివర నీలి సముద్రం. చుట్టూ దారి కొండల మధ్య ఎక్కుతూ దిగుతూ పోతుంది. మా నలుగురికీ అప్పుడు నోట మాట రాలేదు. ఆయన ఆ ఉదయం ఏమి కాదనుకున్నాడో, మమ్మల్ని దేని నుండి తప్పించాడో అక్కడ నిలబడి చూస్తే తెలిసింది.

సామాను వచ్చే దారులు

మరి ఆ రబ్బరు కప్పు ఎక్కడ దొరుకుతుంది? ఈ సంగతి మేము తరువాత ఆయననూ మరికొందరు మెకానిక్కులనూ అడిగి తెలుసుకున్నాము.

మొదటి దారి అమెరికా. అక్కడ పాత కార్లను మొదటి రూపంలో నిలబెట్టుకోవడం ఒక పెద్ద అభిరుచి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెర్షీ అనే ఊళ్ళో 1955 నుండి ప్రతి సంవత్సరం శరదృతువులో పాత కార్లవారు కూడతారు. మన తిరునాళ్ళవలె మైదానం నిండా పాత సామాను పరచి అమ్ముతారు. 1954లో మొదలైన హెమ్మింగ్స్ అనే మాసపత్రిక అటువంటి ప్రకటనలతోనే నిండి వచ్చేది. అంతేగాక పాత నమూనాలు చూచి రబ్బరు, అద్దాలు, మెరుగు పట్టీలు కొత్తగా చేసే కంపెనీలు ఉన్నాయి. ఆ కొత్త సామానులో చాలా భాగం తైవాన్‌లోను చైనాలోను తయారవుతున్నది. కాబట్టి ఆసియాలో పుట్టిన ఒక రబ్బరు కప్పు పసిఫిక్ సముద్రం దాటి అమెరికా చేరి, అక్కడి నుండి మరల సముద్రం దాటి హవానాలోని అమెరికా కారులో కూర్చుంటుంది.

స్వీడన్ దేశంలోను పాత అమెరికా కార్ల పిచ్చి ఎక్కువ. 1978 నుండి అక్కడ పవర్ బిగ్ మీట్ అనే పెద్ద కూటము జరుగుతూ వచ్చింది. అయితే స్వీడన్‌వాడు బొమ్మల పుస్తకం చూచి, డబ్బు కట్టి, టపాలో తెప్పించుకుంటాడు. హవానావాడు అట్లా కట్టలేడు. కట్టినా అమెరికా కొట్టువాడు నేరుగా పంపలేడు. అందుచేత మయామీలో ఉన్న బంధువు కొనాలి, విమానం ఎక్కే మనిషి పెట్టెలో తేవాలి. కూలి పుచ్చుకొని ఇట్లా సామాను మోసేవారిని అక్కడ ‘మూలా’ అంటారు. కంచరగాడిద అని అర్థం. ఆ పేరు వినడానికి చులకనగా ఉన్నది గాని, మందులు, చెప్పులు, పసిపిల్లల పాలడబ్బాలు, పిస్టన్ రింగులు – అన్నీ వారి పెట్టెలలోనే దిగుతున్నాయి. పెట్టె బరువుకు పరిమితి ఉన్నది, సుంకం ఉన్నది. కాబట్టి రబ్బర్లు, రింగులు, బేరింగులు, కార్బురేటరు సామాను వస్తాయి. వంపు తిరిగిన పెద్ద ముందు అద్దం రావడం కష్టం, ఇంజను రానేరాదు.

రెండవ దారి పనామా. అక్కడి కొలోన్ స్వేచ్ఛా వాణిజ్య మండలంలో చౌకగా కొని తెస్తారు. మూడవది మెక్సికో. నాలుగవది దక్షిణ అమెరికాలోని గయానా. క్యూబావారికి అక్కడికి వీసా అవసరం లేకపోవడం వలన ఎందరో వెళ్ళి సరకు తెచ్చుకున్నారు. ఆ పేరు వినగానే మాకు ఆసక్తి కలిగింది. ఎందుకనగా 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి మన మద్రాసు రేవు నుండి కూడా ఓడలెక్కి వెళ్ళిన కూలీల సంతతి ఆ దేశంలో ఉన్నది. అయిదవది మాస్కో. లాడా కార్ల సామాను కొరకు అంత దూరం విమానంలో వెళ్ళి వచ్చేవారున్నారు. రష్యాకు కూడా వీసా అక్కరలేదు. మా పెద్దాయన మాస్టర్ సిలిండరులోని రబ్బర్లు 2019లో అట్లాగే వచ్చాయట.

ఏ దారిన తెప్పించినా ముందు కావలసినది కచ్చితమైన వివరం. షెవ్రొలే అని చెబితే చాలదు. ఏ సంవత్సరం, ముందు చక్రమా వెనుక చక్రమా, రంధ్రం వ్యాసం ఎంత అన్నది తెలియాలి. ఉదాహరణకు 1954 వరకు షెవ్రొలేకు 6 వోల్టుల కరెంటు. 1955 నుండి 12 వోల్టులు. ఒక్క ఏడాది తేడాకు బల్బు మాడిపోతుంది. తప్పు సామాను వస్తే తిరిగి ఇచ్చే కొట్టు దగ్గరలో లేదు. అందుచేత ఆయన దగ్గర నల్ల అట్ట నోటు పుస్తకం ఉన్నది. తండ్రి నాటి నుండి కారుకు ఏ ముక్క ఎప్పుడు మార్చినది, దాని కొలత, వచ్చిన దేశం – అన్నీ అందులో వ్రాసి ఉన్నాయి. పాత పేజీల అక్షరం తండ్రిది, తరువాతిది ఆయనది, చివరి కొన్ని పేజీలు కొడుకువి.

కొడుకు పంపిన పెట్టె

కొడుకు మయామీలో ఉన్నాడు. 2022లో అతడు భార్యనూ కూతురినీ ఇంటి దగ్గర విడిచి, మధ్య అమెరికా దేశాల మీదుగా మెక్సికో సరిహద్దుకు చేరి అమెరికాలో ప్రవేశించాడు. ఆ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనే అమెరికా సరిహద్దులలో 2 లక్షల 20 వేలకు పైగా క్యూబావారు లెక్కకు వచ్చారు. కోటి జనాభా గల దేశానికి ఇది చిన్న సంఖ్య కాదు. ఆశ్రయం కొరకు అతడు పెట్టుకున్న కేసు తేలలేదు. తేలేవరకు దేశం దాటితే తిరిగి అడుగు పెట్టనివ్వరు. కాబట్టి 150 కిలోమీటర్ల సముద్రానికి అవతల ఉండి కూడా అతడు ఇంటికి రాలేడు. అతడు అక్కడ ఒక గ్యారేజీలో పని చేస్తూ డబ్బు పంపుతున్నాడు, కారుకు సామాను పంపుతున్నాడు.

మేము 7వ రోజున బస్సులో హవానా తిరిగి వచ్చాము. ఆ సాయంత్రమే ఒక స్త్రీ మయామీ విమానంలో దిగి ఆయన ఇంటికి పొట్లం చేర్చింది. మరునాడు ఆయన మమ్మల్ని పిలిచి చూపించాడు. అరచేతిలో పట్టేంత అట్టపెట్టె. అందులో 4 చక్రాలకు సరిపడే రబ్బరు కప్పులు, దుమ్ము పడకుండా పైన తొడిగే రబ్బర్లు, స్ప్రింగులు. అడుగున ఆ ఇంటి పిల్లకు ఒక జడ రిబ్బను, రంగు పెన్సిళ్ళు. బ్రేక్ ఆయిల్ సీసాను ఆయన ఊళ్ళోనే కొన్నాడు. 2021లో చిన్న ప్రైవేటు వ్యాపారాలకు అనుమతి వచ్చిన తరువాత అటువంటివి అమ్మే కొట్లు వెలిశాయి. ధర ఎక్కువైనను సీలు తీయని సరకు దొరుకుతున్నది.

ఇంటి ముందు కారును రాళ్ళ మీద నిలిపి 4 చక్రాలూ విప్పారు. ప్రతి సిలిండరు లోపల సన్నని గరుకు కాగితంతో నునుపు చేసి, స్పిరిటుతో కడిగి, కొత్త కప్పులు వేశారు. తరువాత గొట్టాలలోని గాలి తీయాలి. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కాలి, మరొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి గాలి బుడగలు పోయిన వెంటనే బిగించాలి. పెద్దాయన చక్రం దగ్గర పడుకున్నాడు. పెడలు దగ్గర కూర్చున్నది మనుమరాలు. దానికి 11 ఏళ్ళు. సీటు అంచున కూర్చుంటేనే గాని కాలు అందదు.

ఫోనులో తండ్రి కనబడుతున్నాడు. క్యూబాలో చేతి ఫోనుకు ఇంటర్నెట్టు వచ్చినది 2018 డిసెంబరులోనే. దానికి ముందు ఇటువంటి మాటలు అంత సులువు కాదు. తల్లి ఫోను పట్టుకొని ఒకసారి చక్రం వైపు, ఒకసారి కూతురి వైపు తిప్పుతున్నది. ‘దూరంగా ఉన్న వెనుక కుడి చక్రం నుండి మొదలుపెట్టండి నాన్నా’ అని అతడు అక్కడి నుండి చెబుతున్నాడు. ఆ పని 40 ఏళ్ళుగా చేస్తున్న తండ్రికి ఆ సంగతి తెలియదా? అయినను ఆయన ‘అట్లాగే, అట్లాగే’ అని బదులిచ్చాడు. ‘తొక్కు’ అంటే పాప తొక్కింది. ‘పట్టుకో’ అంటే రెండు కాళ్ళతో అదిమి పట్టుకున్నది. ‘వదులు’ అని ఎవరంటారా అని ఆ పిల్ల ఫోను వైపే చూచేది. 4 చక్రాలు పూర్తయ్యేసరికి గంటకు పైగా పట్టింది. చివరకు పెడలు సగంలోనే గట్టిగా ఆగింది. పాప ఆ మాట తండ్రికి తానే చెప్పింది. అతడు కొంతసేపు మాట్లాడలేదు. మా యువకుడు కూడా ఏమీ అనువదించలేదు.

ఆ రాత్రి పెద్దాయన నల్ల నోటు పుస్తకంలో తేదీ వేసి, వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అని 4 వరుసలు వ్రాశాడు. చివర ‘మయామీ నుండి’ అని వ్రాసి కొడుకు పేరు చేర్చాడు. సామాను ఏ ఊరి నుండి వచ్చినదో వ్రాసే చోట మనిషి పేరు వ్రాయడం ఆ పుస్తకంలో అదే మొదటిసారి అని కోడలు మాతో అన్నది.

ఇంట్లో బండి ఉన్నవారికి ఒక మాట

అమెరికాలో పాత కారును తీర్చిదిద్దేవారికి ప్రతి మేకు మొదటిదై ఉండటం ముఖ్యం. ప్యూజో ఇంజను, లాడా సిలిండరు ఉన్న మా పెద్దాయన కారును వారు అసలైనదిగా ఒప్పుకోరు. ఆయనకు ఆ చింత లేదు. ఏది మార్చవచ్చును, ఏది మార్చరాదు అన్నది ఆయనకు బాగా తెలుసు. ఇంజను ఏ దేశానిదైనా పెట్టాడు, తలుపు పిడికి గుడ్డ పేలిక కట్టాడు, రంగు గోడలకు వేసేది వేశాడు. బ్రేకు దగ్గర మాత్రం 5 రోజులు కారు నిలిపి, కొలతకు సరిపోయిన సామాను వచ్చేవరకు ఆగాడు.

మనకు అటువంటి ఇబ్బంది లేదు. జీపుకైనా, ఆటోకైనా, పాత కారుకైనా బ్రేకు సామాను జిల్లా పట్టణంలో దొరుకుతుంది. అయినను ఆయిల్ తగ్గితే చేతికందినది పోయడం, చక్రం దగ్గర తడి కనబడినా ఈ ఒక్క ట్రిప్పు అయిన తరువాత చూద్దామనడం మన ఊళ్ళలో ఉన్నది. పెండ్లికో, సంతకో, కూటానికో 15 మందిని ఎక్కించుకొని బయలుదేరే ముందు చక్రాల లోపలి ప్రక్క ఒకసారి వంగి చూడండి. ఆయిల్ డబ్బాలో గీత వరకు ఉన్నదో లేదో చూడండి. సీలు ఉన్న సరైన బ్రేక్ ఆయిల్ తప్ప మరేమీ పోయనివ్వకండి.

9వ రోజున ఆ షెవ్రొలేలోనే మేము విమానాశ్రయానికి వెళ్ళాము. ప్రతి కూడలిలోను కారు మెత్తగా, నిటారుగా ఆగింది. దిగేటప్పుడు కిరాయి ఇవ్వబోతే పెద్దాయన లెక్కపెట్టి తన వంతు తీసుకొని, మిగిలినది తిరిగి ఇచ్చాడు. విమానాశ్రయం బయట మరొక కుటుంబం పెట్టెలతో వచ్చే ఎవరి కొరకో ఎదురుచూస్తూ నిలబడియున్నది. వారి ప్రక్కన ఒక పాత ప్లిమత్, మూత ఎత్తి ఉన్నది.